లఫెవ్ర: ఒక ఫ్రెంచి కమ్మరి ఇంటిపేరు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్రాన్స్‌లోనో క్యూబెక్‌లోనో కొన్నాళ్ళున్న తెలుగువాళ్ళకు ఈ పేరు తగలకుండా ఉండదు. ఆఫీసులో సహోద్యోగి పేరు, డాక్టరు గది బయట బోర్డు, అపార్ట్‌మెంటు కింద ఉత్తరాల డబ్బా మీద చీటీ... ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. రాస్తే ఎనిమిది అక్షరాలు: ఎల్, ఇ, ఎఫ్, ఇ, బి, వి, ఆర్, ఇ. పలికితే మాత్రం ‘లఫెవ్ర్’ అని చటుక్కున అయిపోతుంది. ఈ పేరు మీద నాకున్న మక్కువకు కారణం ఒకటే. ఇది ఏ ఒక్క కుటుంబం కథా కాదు. దీని వెంట వెళితే, ఇప్పుడు ఒకే భాష మాట్లాడే ఫ్రాన్స్‌లో ఒకప్పుడు ఎన్ని భాషలు ఉండేవో తెలుస్తుంది.

లఫెవ్ర అంటే అర్థం ఏమిటి?

కమ్మరి. మొదటి ‘ల’ ఫ్రెంచిలో పేరు ముందు వచ్చే ఉపపదం, ‘ఫెవ్ర’ అంటే ఇనుప పని చేసేవాడు. దీనికి మూలం లాటిన్‌లోని ‘ఫాబెర్’. రోమన్ల కాలంలో ఫాబెర్ అంటే గట్టి సరుకుతో పనిచేసే చేతివృత్తివాడెవరైనా సరే. వడ్రంగి ‘ఫాబెర్ టిగ్నారియుస్’ అయితే, కమ్మరి ‘ఫాబెర్ ఫెర్రారియుస్’. కాలం గడిచేకొద్దీ గాల్‌లో, అంటే ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతంలో, ఆ మాట లోహపు పనికే పరిమితమైంది.

మరి ఇప్పటి ఫ్రెంచిలో కమ్మరిని ‘ఫోర్జరాన్’ అంటారు కదా?

అవును. ‘ఫెవ్ర’ మామూలు మాటగా వాడుకలోంచి ఎప్పుడో పోయింది. ఇంటిపేర్లలో నిలిచింది, ‘ఓర్ఫెవ్ర’ అనే మాటలో నిలిచింది. ఓర్ అంటే బంగారం కాబట్టి ఓర్ఫెవ్ర అంటే కంసాలి. పారిస్‌లో సేన్ నది ఒడ్డున ‘కే దేజోర్ఫెవ్ర’ అనే వీధి ఉంది, అంటే కంసాలుల గట్టు. చాలాకాలం పారిస్ నేర పరిశోధక పోలీసుల కార్యాలయం అక్కడే ఉండటంతో, ఆ పేరు వినగానే ఫ్రెంచివాళ్ళకు పోలీసులే గుర్తొస్తారు.

ఫోర్జరాన్ కూడా పరాయి మాటేమీ కాదు. అది ‘ఫోర్జ్’ నుంచి, అంటే కొలిమి నుంచి వచ్చింది. ఫోర్జ్‌కు మూలం లాటిన్ ‘ఫాబ్రికా’, అంటే ఫాబెర్ పనిచేసే చోటు. పాత మాట పోయి దాని స్థానంలోకి దాని చుట్టమే వచ్చింది.

పలకని ‘బి’ అక్షరం పేరులో ఎందుకుంది?

ఇది అందరూ అడిగే ప్రశ్న. జవాబు కొంచెం పొడుగు, కానీ ఆసక్తికరం.

పాత ఫ్రెంచిలో ఈ మాటను ‘బి’ లేకుండానే రాసేవారు. లాటిన్ ఫాబెర్‌లో ఉన్న ‘బ’ శబ్దం అప్పటికే ‘వ’గా మారిపోయింది. మధ్యయుగాల చివర్లో, ముఖ్యంగా 15, 16 శతాబ్దాల్లో, లేఖకులకు లాటిన్ మీద మోజు పెరిగింది. మాట ఎక్కడినుంచి వచ్చిందో రాతలో కనిపించాలని, పోయిన అక్షరాలను తిరిగి తెచ్చి పెట్టారు. ఫాబెర్‌ను గుర్తుచేయడానికి ఇక్కడ ‘బి’ చేరింది.

దీనికి ఇంకో అవసరం కూడా తోడైంది. ఆ రోజుల్లో ‘యు’, ‘వి’ వేర్వేరు అక్షరాలు కావు. ఒకే అక్షరానికి రెండు రూపాలుగా చెలామణి అయ్యేవి. అందుకని చేతిరాతలో ఈ పేరు చూసినవాడికి మధ్యలో ఉన్నది అచ్చో హల్లో తేలేది కాదు. ముందు ఒక ‘బి’ పెడితే, తర్వాతది ‘వ’ అని పలకాలని చదివేవాడికి సూచన అందేది.

ఆ సూచన అర్థంకాని తరాలు తర్వాత వచ్చాయి. ‘బి’ని పలకడం మొదలుపెట్టి, ‘వి’ని ‘యు’గా చదివి, కొన్ని కుటుంబాలు ‘లఫేబ్యూర్’ అయిపోయాయి. 19వ శతాబ్దపు పారిస్ ఆర్గన్ విద్వాంసుడు లఫేబ్యూర్-వేలి (1817–1869) పేరు అలాంటిదే. రాత పలుకును మార్చేసిన ఇలాంటి పేరు దొరికితే ఇంటిపేర్ల చరిత్ర చదివేవాళ్ళకు పండగే.

ఫ్రాన్స్‌లో ఇంటిపేర్లు ఎప్పుడు మొదలయ్యాయి?

రోమన్ సామ్రాజ్యం కూలిన తర్వాత కొన్ని వందల ఏళ్ళపాటు మనిషికి ఒకే పేరు ఉండేది. 11వ శతాబ్దం నుంచి జనాభా పెరిగింది, పట్టణాలు పెరిగాయి. అదే సమయంలో పిల్లలకు పెట్టే పేర్ల సంఖ్య తగ్గిపోయింది. ఊళ్ళో ప్రతి ఇంట్లో ఒక జాన్, ఒక పియేర్, ఒక గియోమ్ ఉంటే ఎవరిని పిలుస్తున్నారో తెలిసేదెలా? అందుకే తండ్రి పేరో, ఉండే చోటో, ఒంటి తీరో, చేసే పనో రెండో పేరుగా వచ్చి చేరాయి. మొదట్లో అది ఆ మనిషితోనే పోయేది. 12, 13 శతాబ్దాల్లో మెల్లగా కొడుకుకు దక్కడం మొదలైంది.

పారిస్‌లో 1292లో తయారైన పన్ను పుస్తకం దీనికి మంచి సాక్ష్యం. పన్ను కట్టేవాళ్ళ పేర్లు వీధులవారీగా ఉంటాయి. చాలామంది పేరు పక్కన వృత్తి కనిపిస్తుంది. పేరు ఒక వృత్తిని చెబుతుంటే, మనిషి ఇంకో పని చేసేవాళ్ళు కూడా అందులో తగులుతారు. పని మారినా పేరు అంటుకుపోతున్న దశ అది.

అన్ని వృత్తులుండగా కమ్మరి పేరే ఇంత ఎక్కువ ఎందుకు?

చాలామంది “ఊరికి ఒక కమ్మరి ఉంటాడు కాబట్టి” అని ఊరుకుంటారు. అది సగం జవాబే. అసలు సంగతి కాలం కలిసిరావడంలో ఉంది.

ఇంటిపేర్లు గట్టిపడుతున్న ఆ రెండు మూడు శతాబ్దాలే ఉత్తర ఫ్రాన్స్ పల్లెల్లో ఇనుము వాడకం బాగా పెరిగిన కాలం. బరువైన నాగలికి ఇనుప కర్రు వచ్చింది. ఎద్దుల పక్కన గుర్రాలు పొలంలోకి దిగాయి, వాటి డెక్కలకు లాడాలు కావలసివచ్చాయి. కొడవలి, గొడ్డలి, బండి చక్రం పట్టా, తలుపు బందులు, మేకులు అన్నీ ఒక్క కొలిమిలోంచే రావాలి. కర్రు అరిగితే మళ్ళీ కాల్చి, దాగలి మీద పెట్టి సాగగొట్టించుకోకపోతే దున్నకం ఆగిపోతుంది. కాబట్టి కమ్మరి ఊరంతటికీ తెలిసిన మనిషి. పైగా ఊళ్ళో అలాంటివాడు ఒక్కడే. వందమంది రైతులున్న చోట ‘రైతు’ అంటే ఎవరో తెలియదు. ‘కమ్మరి’ అంటే ఎవరో పసిపిల్లాడికి కూడా తెలుస్తుంది. పేరు చేయవలసిన పని అదే కదా.

పట్టణాల్లో ఇనుప పని పాయలుగా చీలిపోయింది. పారిస్ వృత్తుల నియమాలను 1268 ప్రాంతంలో ఎత్యెన్ బ్వాలో రాయించిన పుస్తకంలో గుర్రాలకు లాడాలు కొట్టే ఫెవ్రలు, శిరస్త్రాణాలు చేసే ఫెవ్రలు, పెద్ద ఇనుప సామాను చేసే ఫెవ్రలు ఉన్నారు. కత్తుల పనిలోనైతే అలుగు చేసే ఫెవ్ర వేరు, పిడి బిగించేవాడు వేరు. ఇంత వివరంగా విడగొట్టుకున్నా, అందరికీ కలిపి ఫెవ్ర అనే మాట చెల్లింది.

ఫాబ్ర, ఫోర్, ఫావ్ర, ల గోఫ్ కూడా ఇదే పేరా?

అర్థం ఒకటే, భాషలు వేరు. నా దృష్టిలో ఈ పేజీ మొత్తంలో అతి ముఖ్యమైన జవాబు ఇది.

ఉత్తరాన, అంటే పికార్డీ, ఆర్త్వా, నార్మండీ ప్రాంతాల్లో లఫెవ్ర. ఆ పక్కనే ‘బి’ లేని లఫెవ్ర కూడా విస్తారంగా ఉంటుంది. పడమట నాంత్, రెన్ వైపు వెళితే అది ‘లఫోవ్ర’ అవుతుంది. తూర్పున ఫ్రాంష్-కోంతేలో ఉపపదం రాలిపోయి, ఏ, ఐ రెండు అక్షరాలతో రాసే ‘ఫెవ్ర’ వస్తుంది. సవోయి కొండల్లో, సరిహద్దు దాటి స్విట్జర్లాండ్‌లోని ఫ్రెంచి ప్రాంతాల్లో ‘ఫావ్ర’.

దక్షిణాన ఆక్సితాన్ భాష రాజ్యం. అక్కడ లాంగ్‌దాక్‌లో లాటిన్ ‘బ’ చెక్కుచెదరకుండా ‘ఫాబ్ర’గా ఉంది. పురుగుల జీవితం గురించి జీవితమంతా రాసిన జాన్-ఆన్రి ఫాబ్ర (1823–1915) పుట్టిన సాన్-లేయోన్స్ ఆవేరోన్ జిల్లాలోని పల్లె, సరిగ్గా ఆ ప్రాంతమే. లిముజాన్ నుంచి దోఫినే దాకా ‘బ’ కరిగి ‘ఫోర్’ అయింది. 1895 నుంచి 1899 దాకా ఫ్రాన్స్ అధ్యక్షుడిగా ఉన్న ఫెలిక్స్ ఫోర్ పేరు ఇదే. సంగీతకర్త గాబ్రియెల్ ఫోరే (1845–1924) పేరు కూడా దీనికి దగ్గరి రూపమే. ఇంకా నైరుతికి పోతే గాస్కనీ. అక్కడి భాషలో మాట మొదటి ‘ఫ’ శబ్దం ‘హ’ అయిపోతుంది, అందుకే ‘ఫోర్’ కాస్తా హెచ్‌తో మొదలయ్యే ‘ఓర్’ అయింది.

ఇక లాటిన్ కాని భాషల సంగతి. బ్రిటనీలో కమ్మరిని ‘గోఫ్’ అంటారు, ఇంటిపేరు ‘ల గోఫ్’. ఆల్సాస్‌లో జర్మన్ మూలం నుంచి ‘ష్మిట్’. బెల్జియం సరిహద్దులోని ఫ్లెమిష్ ఊళ్ళలో ‘ద స్మెట్’. దేశపు పటం మీద ఈ పేర్లను గుర్తించుకుంటూ పోతే, బడులు వచ్చి అందరికీ ఒకే ఫ్రెంచి నేర్పకముందు ఏ భాష ఎక్కడిదాకా పలికేదో గీత గీసినట్టు తెలుస్తుంది.

ఇంకొక ముచ్చట. 20వ శతాబ్దంలో ఫ్రాన్స్ చరిత్ర రచనను మార్చినవాళ్ళలో ముగ్గురి పేర్లు చూడండి. 1929లో మార్క్ బ్లాక్‌తో కలిసి ‘అనాల్’ పత్రిక మొదలుపెట్టిన ల్యూస్యెన్ ఫెవ్ర (1878–1956). ఫ్రెంచి విప్లవాన్ని రైతుల వైపు నుంచి చూసిన జోర్జ్ లఫెవ్ర (1874–1959), ఉత్తరాన లీల్ పట్టణంలో పుట్టినవాడు. మధ్యయుగాల చరిత్రకారుడు జాక్ ల గోఫ్ (1924–2014), బ్రెటన్ మూలాలున్నవాడు. ముగ్గురి ఇంటిపేరూ కమ్మరే, ముగ్గురి పేర్లూ మూడు దిక్కులవి.

దక్షిణాదిలో ముందు ‘ల’ ఎందుకు లేదు?

ఉత్తరాన, ముఖ్యంగా నార్మన్, పికార్డ్ మాండలికాల్లో, వృత్తిపేరుకు ఉపపదం చేర్చి పిలవడం అలవాటు. ఆక్సితాన్ ప్రాంతంలో ఆ అలవాటు తక్కువ. అందుకే ఫాబ్ర, ఫోర్ ఒంటరిగా నిలబడతాయి.

లఫెవ్రలందరూ దూరపు బంధువులేనా?

కాదు. ఒక్కో ఊరి కమ్మరికి ఆ ఊళ్ళోనే విడిగా పుట్టిన పేరు ఇది. పక్కపక్క ఊళ్ళలో ఉన్న ఇద్దరు లఫెవ్రలకు ఏ సంబంధమూ లేకపోవచ్చు. తిరగేసి చెప్పినా నిజమే. స్పెల్లింగు వేరుగా ఉన్న రెండు కుటుంబాలు ఒకే తాత సంతానం కావచ్చు. అన్నకు బాప్తిస్మం ఇచ్చిన పాదిరి ‘బి’ పెట్టి, తమ్ముడికి ఇచ్చిన పాదిరి పెట్టకపోతే చాలు.

మన దగ్గర కులవృత్తి లాంటిదా ఇది?

తెలుగువాళ్ళు ఎక్కువగా అడిగేది ఇదే, అడగడం సహజం కూడా. కాదనే చెప్పాలి. కొడుకు తండ్రి కొలిమిలోనే పని నేర్చుకోవడం అక్కడా మామూలే. పట్టణాల్లోని వృత్తి సంఘాలు మేస్త్రీల కొడుకులకు ప్రవేశంలో రాయితీలిచ్చేవి. అయినా పుట్టుకను బట్టి ఆ పని ఒకరికే చెందాలనే కట్టడి లేదు, పెళ్ళి ఆ వృత్తివాళ్ళలోనే చేసుకోవాలనే నియమం లేదు. పేరు గట్టిపడే నాటికి పనిచేసిన ఒక తరం వృత్తే అందులో మిగిలింది. తర్వాతి తరాలవాళ్ళు ఆ పేరుతోనే రొట్టెలు కాల్చారు, నేత నేశారు, ఓడలెక్కారు.

బిస్కెట్లు కూడా చేశారు. 1846లో నాంత్ పట్టణంలో మిఠాయి అంగడి పెట్టిన జాన్-రోమాన్ లఫెవ్ర, భార్య పోలిన్-ఇసబెల్ యుటీల్ పేర్ల మొదటి అక్షరాలే ‘ఎల్‌యు’ బిస్కెట్ల పేరు. ఫ్రాన్స్‌లో ప్రతి కిరాణా కొట్టులో దొరికే పెతి-బ్యోర్ బిస్కెట్‌ను వాళ్ళ కొడుకు లూయీ 1886లో తయారుచేశాడు.

ఇది పేదల పేరా? ఈ పేరుతో గొప్ప కుటుంబాలు లేవా?

ఉన్నాయి. లఫెవ్ర దోర్మెసాన్ కుటుంబం రాజుల కాలంలో పెద్ద పెద్ద పదవులు చేసింది. 1682 నుంచి 1685 దాకా ఇప్పటి కెనడాలోని న్యూ ఫ్రాన్స్‌కు గవర్నరుగా ఉన్నది జోసెఫ్-ఆంత్వాన్ లఫెవ్ర ద లా బార్. నెపోలియన్ సేనాధిపతుల్లో ఒకడైన ఫ్రాన్స్వా-జోసెఫ్ లఫెవ్ర (1755–1820) 1807లో డాన్‌జిగ్ ముట్టడి గెలిచి ఆ ఊరి పేరుతోనే డ్యూక్ అయ్యాడు. అతను పుట్టింది ఆల్సాస్‌లోని రూఫాక్‌లో. జర్మన్ మాండలికం పలికే చోట ఫ్రెంచి పేరు కనిపించిందంటే, పేర్లూ మనుషులతో వలస పోతాయన్నమాట.

ఇక్కడ ఒక్కరిని తలచుకోకుండా ముందుకు పోలేను. పికార్డీలోని ఆబ్‌విల్ పట్టణంలో 1766 జులై 1న ఉరితీయకుండా తల నరికి, శవాన్ని కాల్చేసిన కుర్రవాడు ఫ్రాన్స్వా-జాన్ లఫెవ్ర ద లా బార్. వయసు ఇరవై, నేరం దైవదూషణ. వోల్టేర్ ఆ తీర్పు అన్యాయమని ఏళ్ళతరబడి రాశాడు. 1793లో విప్లవ ప్రభుత్వం అతని పేరు మీది మచ్చ తుడిచేసింది.

చదువుకున్నవాళ్ళు ఈ పేరును ‘ఫాబెర్’ అని ఎందుకు మార్చుకునేవారు?

16వ శతాబ్దపు పండితులు పుస్తకాలు లాటిన్‌లో రాసేవారు, సంతకమూ లాటిన్‌లోనే. ఏతాప్ల్ ఊరివాడైన జాక్ లఫెవ్ర ‘యాకోబుస్ ఫాబెర్ స్తాపులెన్సిస్’ అయ్యాడు. ఆయన 1523లో కొత్త నిబంధనను, 1530లో బైబిలు మొత్తాన్ని ఫ్రెంచిలోకి తెచ్చాడు. సవోయిలో చిన్నప్పుడు గొర్రెలు కాసిన పియేర్ ఫావ్ర (1506–1546) కూడా ఫాబెర్‌గానే ప్రసిద్ధుడు. గోవాలో దేహం ఉన్న ఫ్రాన్సిస్ జేవియర్, ఈయన పారిస్‌లో చదువుకునేటప్పుడు ఒకే గదిలో ఉన్నారు. పోప్ ఫ్రాన్సిస్ 2013లో ఫావ్రను పునీతుడిగా ప్రకటించారు.

కెనడా, అమెరికాల్లో ఈ పేరు ఏమైంది?

రకరకాలుగా మారింది. న్యూ ఫ్రాన్స్‌కు వెళ్ళినవాళ్ళలో లఫెవ్రలు చాలామంది కావడంతో, ఒకరినుంచి ఇంకొకరిని వేరు చేయడానికి రెండో పేరు తగిలించేవారు. ‘లఫెవ్ర అని పేరు, బులాంజే అని వ్యవహారం’ అన్న తీరులో రికార్డులకెక్కేది. కొన్ని తరాల తర్వాత ఒక శాఖ మొదటి పేరు ఉంచుకుంటే, ఇంకో శాఖ రెండోది ఉంచుకుంది. క్యూబెక్‌లో వంశవృక్షం వెతికేవాళ్ళను ఎక్కువగా తిప్పలుపెట్టేది ఇదే.

19వ శతాబ్దంలో క్యూబెక్ నుంచి న్యూ ఇంగ్లండ్ బట్టల మిల్లులకు వలస వెళ్ళినప్పుడు ఇంకో మార్పు జరిగింది. క్యూబెక్ పలుకుబడిలో చివరి ‘ర’ పోయి ‘లఫెవ్’ అని వినిపిస్తుంది. ఫ్రెంచిలో ‘లా ఫెవ్’ అంటే చిక్కుడు గింజ. దాన్ని ఇంగ్లీషులోకి మార్చి ‘బీన్’ అని రాయించుకున్న కుటుంబాలున్నాయి. కమ్మరి మనవలు అలా చిక్కుడు గింజలయ్యారు.

అంతకు రెండు వందల ఏళ్ళ ముందే ప్రొటెస్టెంట్ లఫెవ్రలు అమెరికా చేరారు. ఫ్రాన్స్‌లో మతపీడన తట్టుకోలేక జర్మనీలోని ఫాల్ట్స్ ప్రాంతానికి, అక్కడినుంచి హడ్సన్ లోయకు వెళ్ళిన ఉగెనో (ఫ్రెంచి ప్రొటెస్టెంట్) కుటుంబాలు న్యూయార్క్ రాష్ట్రంలో న్యూ పాల్ట్స్ ఊరు కట్టుకున్నాయి. 1677లో ఆ భూమి పట్టా పొందిన పన్నెండుమందిలో సీమోన్, ఆంద్రే లఫెవ్రలు ఇద్దరు. అమెరికన్ ఫుట్‌బాల్ చూసే తెలుగువాళ్ళకు బ్రెట్ ఫార్వ్ తెలిసే ఉంటాడు. ఆయన ఇంటిపేరు రాతలో ఇప్పటికీ ‘ఫావ్ర’నే, పలుకే తారుమారైంది.

స్పెల్లింగు ఎప్పుడు స్థిరపడింది?

ఒక్కరోజులో కాదు. 1539లో విల్లే-కోత్రే శాసనంతో మొదటి ఫ్రాన్స్వా రాజు బాప్తిస్మాలు నమోదు చేయమన్నాడు. 1579లో పెళ్ళిళ్ళు, ఖననాలు చేరాయి. 1667 నుంచి రెండు ప్రతులు రాయాలన్నారు. 1792 సెప్టెంబరులో ఈ పని చర్చి చేతిలోంచి పురపాలికలకు మారింది. 1794 ఆగస్టు చట్టం, జననపత్రంలో ఉన్న పేరు తప్ప ఇంకో పేరు వాడకూడదంది. 1877లో ప్రతి కుటుంబానికీ ఒక నమోదు పుస్తకం ఇవ్వడం మొదలయ్యాక అక్షరం కదలడం దాదాపు ఆగిపోయింది.

అంతకుముందు పాత రిజిస్టరులో ఒక పేజీ తెరిచి చూస్తే పరిస్థితి తెలుస్తుంది. పైన పాదిరి ఒకలా రాస్తాడు. అంచున పెట్టిన పేరు ఇంకోలా ఉంటుంది. కింద తండ్రి సంతకం మూడో రకం. సంతకం రానివాడు సిలువ గుర్తు పెడతాడు. తన పనిముట్టు బొమ్మ గీసినవాళ్ళూ ఉన్నారు. మూడు రాతలూ ఒకే మనిషివి, ఒకే పూట రాసినవి.

ఈ పేరున్న పూర్వీకులను వెతకాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఫ్రాన్స్‌లో జిల్లాస్థాయి ప్రభుత్వ భాండాగారాలు చాలావరకు రిజిస్టర్ల పేజీలను ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంచాయి. పేరు కంటే ముందు ఊరు తెలిసి ఉండాలి. ఊరు తెలియకుండా ‘లఫెవ్ర’ అని వెతకడం వృథా. విప్లవం తర్వాతి కాలానికి పదేళ్ళకొకటి చొప్పున సూచికలు ఉంటాయి, వాటితో మొదలుపెడితే సులువు. 1793–1805 మధ్య తేదీలు విప్లవ పంచాంగం ప్రకారం ఉంటాయి, మార్చుకుని చదువుకోవాలి. వెతికేటప్పుడు ‘బి’ ఉన్నవీ లేనివీ, ‘వి’ ఉన్నవీ ‘యు’ ఉన్నవీ, ఉపపదం విడిగా రాసినవీ అన్నీ చూడండి. ఒకే ఊళ్ళో ఇద్దరు పియేర్ లఫెవ్రలు తగిలితే, భార్య పుట్టింటి పేరు, పిల్లల జ్ఞానపితల పేర్లు చూసి విడదీయాలి. ఫ్రెంచి రిజిస్టర్లలో పెళ్ళయిన స్త్రీని పుట్టింటి పేరుతోనే రాస్తారు, వెతికేవాళ్ళకు అది పెద్ద వరం.

పారిస్ కుటుంబాలైతే ఒక కష్టం ఉంది. 1871 మే నెలలో, పారిస్‌లో తిరుగుబాటుదారులు పెట్టుకున్న ‘కమ్యూన్’ ప్రభుత్వం పతనమైనప్పుడు నగర భవనం, న్యాయస్థాన భవనం రెండూ తగలబడ్డాయి. ఒక ప్రతి అక్కడ, ఒక ప్రతి ఇక్కడ ఉండటంతో 1860కి ముందువి రెండూ పోయాయి. దాదాపు 80 లక్షల నమోదులు కాలిపోతే, తర్వాత మూడో వంతు వరకే తిరిగి రాయగలిగారు.

ఇప్పుడు పుట్టే పిల్లలకు తండ్రి పేరే రావాలా?

అక్కర్లేదు. 2005 నుంచి అమలైన చట్టం ప్రకారం తల్లి పేరైనా, రెండూ కలిపైనా పెట్టవచ్చు. 2022 జులై నుంచి పెద్దవాళ్ళు కూడా పురపాలికలో ఒక దరఖాస్తుతో తల్లి పేరుకు మారవచ్చు. ఈ వెసులుబాటు జీవితంలో ఒక్కసారే.

తెలుగులో ఎలా రాయాలి?

‘లఫెవ్ర’ అని రాస్తే అసలు పలుకుకు దగ్గరగా ఉంటుంది. ‘లెఫెబ్వ్రే’ అని మాత్రం రాయకండి.